శ్రీనికేతన్

శ్రీనికేతన్ పశ్చిమ బెంగాల్‌లోని బీర్‌భూం జిల్లాలో సురుల్ గ్రామం పక్కన ఉన్న గ్రామ పునర్నిర్మాణ కేంద్రం. శాంతినికేతన్‌కు ఇది సుమారు 3 కిలోమీటర్ల దూరం. రవీంద్రనాథ్ ఠాగూర్ స్థాపించిన విశ్వభారతి విశ్వవిద్యాలయంలో ఇది భాగం. భారతదేశంలో ఒక విశ్వవిద్యాలయం సాగు, ఆరోగ్యం, చదువుతో పాటు కళల ద్వారా కూడా చుట్టుపక్కల పల్లెలతో కలిసి పనిచేసిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది.

స్థాపన

తూర్పు బెంగాల్‌లో కుటుంబ జమీందారీ వ్యవహారాలు చూస్తున్న కాలంలో రైతుల అప్పులను, జబ్బులను, నిస్సహాయతను ఠాగూర్ దగ్గరగా చూశారు. 1906లో కుమారుడు రథీంద్రనాథ్‌ను వ్యవసాయశాస్త్రం చదవడానికి అమెరికా పంపారు. 1912లో సురుల్‌లో ఒక బంగళా కొన్నారు. విశ్వభారతి 1921 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభం కాగా, సురుల్ కేంద్రం 1922 ఫిబ్రవరి 6న మొదలైంది. ఆంగ్లేయుడైన వ్యవసాయ నిపుణుడు లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ దీనికి తొలి సంచాలకుడు. అమెరికన్ దాత డొరొతీ స్ట్రెయిట్ ధనసహాయం చేశారు. పల్లెకు తిండీ మందూ ఎంత అవసరమో పాటా పండుగా అంతే అవసరమని ఠాగూర్ నమ్మారు. కేంద్రం పనితీరును ఈ నమ్మకమే నిర్ణయించింది.

చేతిపనులు

నేత, కుండల పని, వడ్రంగం, లక్క పని, పుస్తకాల బైండింగు, తోలు పని ఇక్కడ నేర్పారు. తోలు పనికి, బాతిక్‌కు (మైనపు అద్దకానికి) ప్రోత్సాహమిచ్చిన వారిలో రథీంద్రనాథ్, ఆయన భార్య ప్రతిమాదేవి ముఖ్యులు. వృక్ష పదార్థాలతో పదును చేసిన మేక, గొర్రె తోళ్ల మీద అచ్చులతో నగిషీ ఒత్తి, చేత్తో రంగులద్ది సంచులు, పర్సులు తయారుచేస్తారు. శాంతినికేతన్ తోలు వస్తువులకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది. పల్లె స్త్రీలు పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టుకునే కాంథా కూడా ఈ ప్రాంతంలో కొత్త డిజైన్లతో జీవనోపాధిగా మారింది.

కళాభవన్‌తో బంధం

శాంతినికేతన్‌లో 1919లో ఏర్పడిన కళల విద్యాలయం కళాభవన్‌కు చిత్రకారుడు నందలాల్ బోస్ సారథ్యం వహించారు. పల్లెకు విద్య అందించడంతో పాటు పల్లె నుంచి విద్య స్వీకరించడం ఆయన పద్ధతి. వ్రతాలకు ఇళ్లలో వేసే అల్పనను పాఠ్యాంశం చేసి, దాన్ని నేర్పే బాధ్యత సుకుమారీదేవికి అప్పగించారు. తెలుగువారి ముగ్గులా పొడితో కాక, నీళ్లలో కలిపిన బియ్యప్పిండిలో గుడ్డపీలిక ముంచి, వేలి మీదుగా జారే ధారతో అల్పన గీస్తారు. గాంధీ కోరికపై 1938 హరిపుర కాంగ్రెస్ సభలకు నందలాల్ వేసిన చిత్రాల్లో డప్పు వాయించేవారు, వడ్రంగులు, ఇంటిపనుల్లో ఉన్న స్త్రీలు కనిపిస్తారు. అదే ఏడాది శిల్పి రామ్‌కింకర్ బైజ్ ఎర్రరాతి గులకలు, సిమెంటుతో ‘సాంథాల్ కుటుంబం’ శిల్పాన్ని ఆరుబయట నిర్మించారు. కావడిలో బిడ్డను మోసే తండ్రి, పక్కన తల్లి, వెంట కుక్క ఉన్న ఈ శిల్పం శ్రామిక ఆదివాసీ కుటుంబానికి స్మారకచిహ్నాల స్థాయి ఇచ్చింది.

పండుగలు

ఠాగూర్ 1928లో వృక్షారోపణ, హలకర్షణ ఉత్సవాలను ప్రవేశపెట్టారు. హలకర్షణలో అలంకరించిన ఎడ్లతో, పాటల మధ్య నేల దున్నుతారు. నందలాల్ ఈ దృశ్యాన్ని శ్రీనికేతన్‌లో కుడ్యచిత్రంగా వేశారు. శాంతినికేతన్ పౌష్ మేళాలో బావుల్ గాయకులు, సాంథాల్ నర్తకులు, చేతిపనివారు విద్యార్థులతో కలుస్తారు.

పరిమితులు, ప్రభావం

ఈ కేంద్రం దాతల సహాయం మీద, దాని వస్తువుల అమ్మకాలు నగర కొనుగోలుదారుల మీద చాలావరకు ఆధారపడ్డాయి. పల్లె పేదరికాన్ని చేతిపనులు ఒక్కటే తీర్చలేకపోయాయి. అయినా పల్లె కళాకారుడిని విశ్వవిద్యాలయం గురువుగా గుర్తించడం శ్రీనికేతన్ సాధించిన గొప్ప విజయం. ఎల్మ్‌హర్స్ట్, డొరొతీ దంపతులై ఇంగ్లండులోని డార్టింగ్టన్ హాల్‌లో విద్య, కళలు, గ్రామీణ వృత్తులను కలిపి మరో ప్రయోగం చేశారు. విశ్వభారతి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. శ్రీనికేతన్‌లోని శిల్పసదనలో చేతిపనుల శిక్షణ నేటికీ కొనసాగుతోంది.