తాళం రెండు నెలల ముందే వచ్చింది

ఈసారి మన జిల్లాను కూడా తాకిన ఒక దాడి గురించి చెప్పుకుందాం.

2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ బయటపడింది. కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి, తియ్యాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమనేది. సుమారు 150 దేశాలకు పాకింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు ఆగిపోయాయి. మన దగ్గర పోలీసు శాఖకే తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్లు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. జగ్గయ్యపేట, నందిగామ అప్పుడు కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. ఎన్టీఆర్ జిల్లా అయ్యింది 2022లో.

ఎలా వచ్చిందంటే, విండోస్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంచుకునే ఏర్పాటులో లోపం ఉంది. మనం ఏదీ నొక్కక్కర్లేదు. ఒకదానికి సోకితే ఆ నెట్‌వర్క్‌లో అప్‌డేట్ లేని మిగతావాటికీ అంటుకునేది. మైక్రోసాఫ్ట్ దీనికి మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. రెండు నెలలు గడిచినా చాలా ఆఫీసులు వేసుకోలేదు. పాత ఎక్స్‌పీ వాడేవాళ్లందరికీ మాత్రం దాడి జరిగాకే ఇచ్చారు. పాత మిషన్లు మిగిలేదేమో మనలాంటి వాళ్లకే.

మన పెద్దలు పట్టా కాగితాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్లు. ఇప్పుడు మన కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్ వివరాలు కంప్యూటర్లలో ఉన్నాయి. అందుకే మన కాలేజీల్లో, హాస్టళ్లలో మనమే అడుగుదాం: అప్‌డేట్లు వేస్తున్నారా? ఇంకో కాపీ నెట్‌కి కలపకుండా విడిగా దాచారా? ఇది అడగడం మన హక్కు.