పట్టాలో లేని పేరు



పోయిన నెల మన సంఘం వాళ్ళు వంశవృక్షం ఫారం ఇచ్చినారు. ఇంటిపేరు, గోత్రం, తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ అన్నదమ్ములు. అరగంటలో నింపేసినాను. ముప్ఫై ఏండ్లకు పైగా రైల్వేలో గుమాస్తా పని చేసినవాడిని, ఫారాలు నింపడం నాకు కొత్త కాదు. సంతకం పెట్టేముందు అలవాటు కొద్దీ మళ్ళీ ఒకసారి చదివినాను. తరతరాల మగవాళ్ళున్నారు. ఒక్క ఆడమనిషి లేదు. నన్ను ఎత్తుకుని పెంచిన అవ్వ లేదు. ఆ ఫారం ఇంకా నా మేజా మీదే ఉంది.

అందుకే ఈసారి మా అవ్వ గురించి రాస్తున్నాను. నేను చదివింది అంతా తమిళంలో. తెలుగు అక్షరాలు రిటైరైన తరువాత నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

మాది కోవిల్పట్టికి తూర్పున, ఎట్టయాపురం పక్క ఒక చిన్న పల్లె. కరిసల్ కాడు అంటారు, మన మాటలో నల్లరేగడి. ఏరు లేదు, కాలువ లేదు. వానను నమ్ముకున్న నేల. ఎండాకాలంలో కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడితే బంక మాదిరి కాలికి అతుక్కుంటుంది. మన వాళ్ళు ఈ నేలకు ఎట్లా వచ్చినారో మీకు తెలుసు. విజయనగర కాలంలో, తరువాత మదురై నాయకుల కాలంలో, గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చినారు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో పాలన మొదలుపెట్టినాడనీ, ఆయన కాలంలోనే 72 పాళెములు ఏర్పడినాయనీ చరిత్ర పుస్తకాల్లో చదువుతాము. పాళెగాళ్ళ పేర్లు మన సంఘంలో చాలామందికి వరుసగా వచ్చు. వాళ్ళ వెనక మూటలు మోసుకుని, పిల్లల్ని చంకన పెట్టుకుని నడిచిన ఆడవాళ్ళ పేర్లు ఎవరికి వచ్చు?

కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన పెద్ద రచయిత. ఆయన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దానికి ముందు రాసిన ‘గోపల్ల గ్రామం’లో మన వలస కథ ఉంది. ఆ కథను చెప్పేది ఎవరో గుర్తు చేసుకోండి. నూరేండ్లు దాటిన ఒక ముదుసలి. రాజు కాదు, పాళెగాడు కాదు. ఇండ్లలో చరిత్ర ఎవరి దగ్గర ఉంటుందో ఆయనకు తెలుసు.

మా అవ్వకు పన్నెండో పదమూడో ఏట పెండ్లి అయిందట. పుట్టిన సంవత్సరం ఆమెకు తెలియదు. ఆమె లెక్క వేరే. “మా అవ్వ ధాతు కరువులో ఇంత పిల్ల” అని మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించేది. ధాతు కరువంటే 1876 నుండి 1878 దాకా మదరాసు ప్రెసిడెన్సీని పట్టి పీడించిన కరువు. మదురై నుండి తూత్తుకుడికి రైలు వచ్చింది కూడా ఆ 1876లోనే. ఒకే సంవత్సరంలో మా నేలకు రైలూ వచ్చింది, కరువూ వచ్చింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అవ్వ అన్నమాట ఇది: “రైలు పత్తిని తీసకపోయింది గానీ గంజిని తేలేదురా.”

అవ్వ కాపురానికి వచ్చేసరికి తాత వాళ్ళకు ఉన్నది కొంచెం నేల, దాని పక్కన నాలుగు ఎకరాల బంజరు. బంజరంటే రాళ్ళు కాదు, గరిక. నల్లరేగడిలో గరిక వేరు లోతుకు పోతుంది. పైన కోస్తే మళ్ళీ వస్తుంది, మడకతో దున్నితే ముక్కలై ఇంకా ఎక్కువ మొలుస్తుంది. గడ్డపారతో పెళ్ళలు పెళ్ళలుగా తవ్వి, వేర్లు ఏరి, ఎండబెట్టి కాల్చాల్సిందే. తాత తవ్వితే అవ్వ ఏరేది. తాత కూలికి పోయిన రోజు ఆమే తవ్వి ఆమే ఏరేది. మా పెద్దత్త కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టిన పని, మా నాయన పుట్టి నడక నేర్చే దాకా సాగిందట.

బంజరు పోయింది గానీ దున్నడానికి ఎద్దులు లేవు. మన దక్షిణ జిల్లాల్లో పాత కాలం ఆడవాళ్ళు చెవులకు తండట్టి, పాంబడం అని బరువైన బంగారు నగలు వేసుకునేవాళ్ళు మీకు గుర్తుండాలి. ఆ బరువుకు చెవి తమ్మెలు భుజాల దాకా సాగేవి. మా అవ్వ తమ్మెలూ అట్లా సాగి ఉండేవి, నగ మాత్రం ఉండేది కాదు. చిన్నప్పుడు ఆ ఖాళీ రంధ్రంలో వేలు పెట్టి ఆడుకునేవాడిని. “నగ ఏమైంది అవ్వా?” అంటే, “ఎద్దులు మేసినాయిరా” అని నవ్వేది. పెద్దయినాక అర్థమైంది. ఆ జత ఎద్దులు ఆమె చెవులే.

ఐప్పసి వానకు పత్తి, సజ్జ, జొన్న విత్తేవాళ్ళు. మాసి, పంగుని నెలల్లో పత్తి ఏరుడు. తెల్లవారక ముందే పోవాలి, మంచు పదునుకు ఆకు పొడి పత్తికి అంటుకోదు. ఒడి కట్టుకుని సాళ్ళ వెంట వంగి పోతే మధ్యాహ్నానికి నడుము నిలబడదు. ఊరణి నుండి తాగేనీళ్ళు, పేడ, సంగటి, పిల్లలు, ఇవన్నీ దీనికి ముందూ వెనకా. పండిన పత్తి బండి మీద కోవిల్పట్టికి పోయేది, అక్కడ గింజ తీసి బేళ్ళు కట్టి రైలెక్కించేవాళ్ళు. గింజ కొంచెం ఇంటికి వస్తే ఎద్దులకు నానబెట్టి పెట్టేది. అందులోనుండి ఒక గుప్పెడు తీసి రుబ్బి, బెల్లం, శొంఠి వేసి మాకు పత్తి పాలు కాచేది. మదురై వీధుల్లో ఇప్పటికీ అమ్ముతారు. నేను తాగుతాను, గానీ ఆ రుచి కాదు.

1948 చట్టంతో జమీందారీలు రద్దయినాయి. తరువాత సర్వే జరిగి రైతులకు పట్టాలు వచ్చినాయి. మా ఇంటికి పట్టా వచ్చిన రోజు అవ్వ పొంగలి పెట్టిందట. పట్టాలో తాత పేరు, తాత తండ్రి పేరు ఉన్నాయి. చదువు రాదు కాబట్టి, తన పేరు లేదని ఆ రోజు ఆమెకు తెలియదు.

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన సంగతి. తాత పోయిన తరువాత, 1984లో, భూమి మా నాయనకు, చిన్నాయనకు రాసుకున్నారు. ముగ్గురు అత్తలతో విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించినారు. చదువుకున్నవాడినని పత్రం చదివి వినిపించింది నేను. అవ్వ గోడకు ఆనుకుని వింటూ, “ఆడబిడ్డల పేర్లు ఎక్కడ వస్తాయిరా?” అని అడిగింది. నేను, “రూలు అంతే అవ్వా” అన్నాను. రైల్వేలో రోజుకు పదిసార్లు అనే మాట. ఆమె మళ్ళీ అడగలేదు.

రూలు అది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే తండ్రి వాటాలో కూతుళ్ళకు భాగముంది. హక్కు లేనివాళ్ళ దగ్గర విడుదల పత్రం ఎందుకు రాయించుకుంటారు? ఆ కాగితమే వాళ్ళకు హక్కున్నదని సాక్ష్యం. పూర్వీకుల ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు తమిళనాట 1989లో వచ్చింది, అదీ అప్పటికి పెండ్లి కానివాళ్ళకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. ముగ్గురు అత్తలూ ఆ పొలంలో పత్తి ఏరినవాళ్ళే. ఇద్దరు పోయినారు. ఉన్న ఒక్క అత్త దగ్గరికి పోయిన వారం పోయినాను. ఆ రోజు తప్పు చదివినానని చెప్పినాను. “ఇప్పుడెందుకురా అదంతా, తిని పో” అనింది.

లేచేముందు అత్తను ఒక్కటే అడిగినాను: “అవ్వ వాళ్ళ అమ్మ పేరేమి?” చాలాసేపు ఆలోచించింది. “మేము అవ్వా అనే పిలిచినాము, పేరు ఎవరు అడిగినారు?” అనింది. నా ఉద్యోగంలో ఒక్క పార్సిలు కూడా పంపినవాళ్ళ పేరు లేకుండా పోనియ్యలేదు. నన్ను ఈ భూమికి పంపినవాళ్ళ పేరు మాత్రం అడగలేదు.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. ఫారం అచ్చుకు పోకముందు ప్రతి తరంలోనూ తల్లి పేరు, ఆమె పుట్టింటి ఊరు రాసే గడి పెట్టండి. మనకు తెలుగు ఇచ్చింది బడి కాదు, ఆ ఆడవాళ్ళే. మీ ఇండ్లలో ఎనభై దాటిన అవ్వ గానీ అత్త గానీ ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చుని పేర్లు అడిగి రాసుకోండి. నేను ఆలస్యం చేసినాను, మీరు చెయ్యవద్దు.

నా ఫారంలో గడి లేకపోయినా, తాత పేరు పక్కన మా అవ్వ పేరు పేనాతో రాసినాను. దాని పైన ఒక గీత గీసి ఖాళీగా వదిలినాను.