గీత గీసిన పదం ఏది?

మొన్న సంక్రాంతికి భీమడోలు వెళ్ళినప్పుడు తెలిసినవాళ్ళ అబ్బాయి కనిపించాడు. ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే చూపు లేదు, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. నేను కంప్యూటర్ల పని చేస్తానని ఎవరో చెప్పారట, ఒక ప్రశ్నాపత్రం తెచ్చి నా చేతిలో పెట్టి "అన్నయ్యా, ఇందులో గీత ఎక్కడుంది?" అన్నాడు.

నాకేం తెలుస్తుంది, దళసరి కాగితం మీద అన్నీ చుక్కలు. వాడే వేలితో తడుముతూ చదివాడు: "గీత గీసిన పదాలకు అర్థాలు రాయండి." కింద ఐదు వాక్యాలు. గీతలు మాత్రం ఎక్కడా లేవు. ప్రింటు పేపర్లో ఉన్నాయి, బ్రెయిలీలోకి మార్చేటప్పుడు ఎగిరిపోయాయి. "మరేం రాశావురా?" అంటే, "ఏది కష్టమైన పదం అనిపిస్తే దానికి రాశాను" అన్నాడు. ఐదింటికి రెండు తగిలాయట.

ఫార్మాటింగ్ అంటే సోకు, అసలు సరుకు అక్షరాలే అని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. ఆ కాగితం చూశాక ఈ సాఫ్ట్‌వేర్ల చరిత్ర కాస్త చదివాను. తేలిందేంటంటే, అక్షరాలు మార్చడం ఇందులో తేలిక పని.

ముందు అక్షరాల సంగతి చూద్దాం. లూయీ బ్రెయిలీ పదిహేనేళ్ళ వయసులో, 1824లో, తన లిపిని తయారు చేశాడు. పుస్తకంగా వచ్చింది 1829లో. గడికి ఆరు చుక్కలు, అంటే ఆరు బిట్లు. ఖాళీ గడి తీసేస్తే 63 గుర్తులు. మన దేశంలో ఒక్కోచోట ఒక్కో కోడు నడిచేది. అన్ని భాషలకీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ వచ్చింది 1951లో. అందులో "భీమడోలు" రాయాలంటే ఏడు గడులు: భ, ఈ, మ, డ, ఓ, ల, ఉ. భకి 4, 5 చుక్కలు, దీర్ఘానికి 3, 5 చుక్కలు, అలా. కొల్లేరులో లకారం ఒత్తుకి ఇంకో చిన్న మెలిక ఉంది. యూనికోడులో పొల్లు గుర్తు హల్లు తర్వాత వస్తుంది, బ్రెయిలీలో నాలుగో చుక్క హల్లుకి ముందే వస్తుంది. ఒక పట్టిక, నాలుగు రూల్సు ఉంటే చాలు, మనలో ఎవరైనా వారాంతంలో రాసి పారేస్తాం.

అసలు చిక్కు పేజీతో వస్తుంది. అమెరికాలో మామూలు బ్రెయిలీ పేజీకి వరసకి 40 గడులు, 25 వరసలు. అందులో బోల్డ్ లేదు, రంగు లేదు, పెద్దక్షరం చిన్నక్షరం లేదు. కంటికి పేజీ అంతా ఒక్కసారే కనిపిస్తుంది, వేలికి ఒక్కో గడే అందుతుంది. అందుకని పేరా మూడో గడి నుంచి మొదలెట్టాలి, తర్వాతి వరసలు మొదటి గడి నుంచి. పెద్ద శీర్షిక వరస మధ్యలో ఉండాలి. గీత గీసిన పదం ముందు ఓ గుర్తు పెట్టాలి. అంటే ఇక్కడ ఫార్మాటింగ్ కూడా చదవాల్సిన విషయమే.

ఈ సంగతి రాసినవాళ్ళకి మొదట్లోనే అర్థమైంది. 1971లో అమెరికాలోని మైటర్ సంస్థలో గెర్‌హార్ట్, మిలెన్, సలివాన్ అనే ముగ్గురు డాట్‌సిస్ 3 అనే ప్రోగ్రాం గురించి రిపోర్టు రాశారు. ఏ మెషిన్ మీదైనా నడవాలని దాన్ని కోబాల్‌లో రాశారు (వైటూకే రోజుల్లో కోబాల్‌తో వీసా కొట్టినవాళ్ళు ఓసారి దణ్ణం పెట్టుకోండి :)). ఇక్కడ పేరా, ఇక్కడ శీర్షిక అని టైపు చేసేవాళ్ళు మాటల మధ్యలోనే కోడులు ఇచ్చేవారు. ఆ సలివానే గిల్డియాతో కలిసి 1975లో డక్స్‌బరీ సిస్టమ్స్ పెట్టాడు. ఆ కోడుల పద్ధతే ముదిరి స్టైల్స్ అయింది. ఇప్పుడు వర్డ్‌లో మనం "హెడింగ్ 1" అని పెడితే డక్స్‌బరీ దాన్ని బ్రెయిలీ శీర్షికగా పేరుస్తుంది. అదే ఫాంటు 18 చేసి, బోల్డ్ కొట్టి, స్పేస్ బార్‌తో మధ్యకి నెట్టామనుకోండి, దానికది శీర్షిక అని తెలిసే దారే లేదు.

2002లో జాన్ బోయర్ లిబ్‌లూయీ మొదలెట్టాడు. ఆయనకి చూపూ లేదు, వినికిడీ లేదు. ఉచితం, ఓపెన్ సోర్సు, తెలుగు పట్టిక కూడా ఉంది. అందులో చూడండి, అక్షరాలు మార్చే లైబ్రరీ ఒకటి, పేజీ పేర్చడానికి వేరే సాఫ్ట్‌వేరు. మన దగ్గర ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు 2005లో భారతీయ భాషల కోసం "స్పర్శ" గురించి పేపరు ప్రచురించారు. బొమ్మల్ని వేలికి తగిలేలా చెయ్యడం కూడా అందులో ఉంది.

మరి సాధనాలున్నా ఆ గీత ఎందుకు పోయింది? మన ఫైళ్ళ వల్ల. యూనికోడులో తెలుగు 1991 నుంచీ ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా డీటీపీ షాపులు పాత ఫాంట్లు వదల్లేదు. వాటిలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. తెరమీద "కొల్లేరు", ఫైల్లో ఏదో గజిబిజి. దాన్ని కన్వర్టర్‌లో వేసి, ఉత్త టెక్స్టుగా తీసి, బ్రెయిలీకి పంపిస్తారు. అక్షరాలు ఎలాగో బతికి బయటపడతాయి. గీతలు, శీర్షికలు, "జతపరచండి"లో రెండు వరసలు మధ్యలోనే రాలిపోతాయి.

కాబట్టి ఒక్క పని చేద్దాం. మీరు చివరిసారి రాసిన తెలుగు డాక్యుమెంటు తెరిచి, వర్డ్‌లో నావిగేషన్ పేన్ చూడండి. అది ఖాళీగా ఉంటే, చూపు లేనివాళ్ళకి మీ ఫైల్లో ఒక్క శీర్షికా లేనట్టే. నాది తెరిచి చూశాను, ఖాళీ! పన్నెండు పేజీలు, అన్నీ బోల్డే. కూర్చుని సరిచేస్తే ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ అబ్బాయి పేపరు ఇంకా నా దగ్గరే ఉంది. గీతలు పెట్టించి మళ్ళీ తీయించి పంపిస్తానని మాటిచ్చాను. మార్కులు ఎలాగూ రావు కదా అన్నయ్యా అంటే, ఫరవాలేదు, అడిగిన పదాలేంటో తెలుసుకుంటాను అన్నాడు.