వెదురు పొద జమాఖర్చు

సొంత రాష్ట్రమునకు వెలుపల స్థిరపడిన తెలుగువారిలో కాగితపు మిల్లులను నమ్ముకొని బ్రదికిన కుటుంబములు తక్కువ కావు. ఒడిశాలోని రాయగడ, మహారాష్ట్రములోని బల్లార్పూరు ఇందులకు నిదర్శనములు. ఇట్టి ఊళ్ళలో పెరిగిన బిడ్డలకు వెదురనగా పొద కాదు. లారీ మీద వచ్చు బరువు. అది ఎన్ని టన్నులు దిగినది, ఏ ధర పలికినది అను లెక్కలు మిల్లులలో నిత్యము వ్రాయబడినవి. ఆ బొంగుతోపాటు నేలనుండి ఏమి తరలిపోయినది, దానికి బదులుగా ఏమి తిరిగి చేరినది అను పద్దును మాత్రము చాలకాలము ఎవరును పట్టించుకొనలేదు. ఉద్యోగకాలమంతయు జమాఖర్చులు వ్రాసిన అలవాటుచేత, ఆ విడిచిన పద్దును గూర్చి నాలుగు మాటలు విన్నవింపబూనితిమి.

వెదురు చూపునకు చెట్టువలె నున్నను గడ్డిజాతికి చెందినది. వానలు పడగానే నేలనుండి వెలువడు కొమ్ము కొలది నెలలలోనే తన పూర్తి ఎత్తునకు ఎదుగును. ఆ తరువాత ఎత్తు హెచ్చదు, లావు పెరుగదు. రెండు మూడేండ్లలో లోపల గట్టిపడును. అంత స్వల్పకాలమున అంతగా ఎదుగుటకు వలయు ఆహారమును ఆ కొమ్ము తానే సంపాదించుకొనజాలదు. అప్పటికి దానికి ఆకులే యుండవు. నేలలోని దుంపయు, పక్కనున్న పెద్ద బొంగులును దాచియుంచిన దానినే అది వాడుకొనును. కావున ఈ యేటి కొమ్ముల బలము నిరుటి బొంగుల బలముపై ఆధారపడియుండును. పొదకు విస్తారముగా కావలసినవి పొటాషు, నత్రజని. భాస్వరము వానికన్న చాల తక్కువ. ఇసుకజాతికి చెందిన సిలికా అను ద్రవ్యము ఆకులలో మిక్కుటముగా చేరును.

అడవిలో ఈ పోషకములన్నియు ఒక చక్రమువలె తిరుగుచుండును. ఆకు రాలును; వానకు కుళ్ళును; అందలి సారము మరల పైమట్టిలో కలియును. వెదురు వేళ్ళలో అధికభాగము ఆ పైమట్టిలోనే దట్టముగా అల్లుకొని యుండుటచే ఆ సారము వృథాగా పోదు. ఖర్చయినచోటనే జమ యగుచుండెను. బుట్టలకును తడికెలకును మేదరులు కోసికొనిపోయిన కొద్దిపాటి బొంగులు ఈ లెక్కను తారుమారు చేయలేదు.

ఇరువదవ శతాబ్దమున ఈ స్థితి మారినది. 1906లో డెహ్రాడూనునందు నెలకొల్పబడిన అటవీ పరిశోధనాలయమున విలియం రైట్ అను నిపుణుడు వెదురును ఉడికించి కాగితపు గుజ్జు చేయు పద్ధతులపై దీర్ఘకాలము కృషి సల్పెను. 1924లో రాజమహేంద్రవరపు మిల్లు కర్ణాటిక్ పేపర్ మిల్స్ అను పేరిట ఆరంభమైనది. మరుసటి యేడు, 1925లో, వెదురు కాగితపు పరిశ్రమను రక్షించు శాసనము వచ్చినది. పిమ్మట 1938లో సిర్పూరు, 1945లో బల్లార్పూరు, 1955లో కర్ణాటకములోని దాండేలి, 1962లో రాయగడ మిల్లుల సంస్థలు వరుసగా ఏర్పడినవి. సిర్పూరు మిల్లు వెలసిన ఊరికి కాగజ్‌నగర్ అను పేరే స్థిరపడినది.

అటవీశాఖవారు నియమములు చేయకపోలేదు. మూడు నాలుగేండ్లకు ఒకమారు మాత్రమే పొదను కోయవలెను, ఏడాది బొంగులను ముట్టరాదు, వానకాలమున కత్తి వేయరాదు, దుంపను త్రవ్వరాదు. ఈ నియమములలో శాస్త్రము కలదు. లేత బొంగును కోసినచో మరుసటి కొమ్ము నోటి కూడు తీసినట్లే. అయినను మిల్లుల ఆకలి ముందర అవి అన్నిచోట్లను నిలువలేదు. కర్ణాటకమున మాధవ గాడ్గిల్, నరేంద్ర ప్రసాద్ గారలు 1970 దశకమున పరిశోధించి మరియొక సంగతి కనుగొనిరి. కోతకు అడ్డమని పొద మొదట నుండు ముళ్ళ కంచెను తొలగించుటవలన లేత కొమ్ములు పశువుల పాలగుచుండెనట. అనగా క్షీణతకు నేల యొక్కటే కారణము కాదు. అయినను “కూర్చుండి తిన్న కొండలైనను కరగు”నను సామెత ఇచట అక్షరాల నిజమైనది.

అడవి చాలనపుడు వెదురును తోటగా పెంచవలెనను ఆలోచన బలపడినది. అప్పటికి రసాయనికపు ఎరువులు దేశమున కొత్తవి కావు. 1906లోనే మదరాసు రాజధానియందలి రాణీపేటలో సూపర్ ఫాస్ఫేటు తయారైనది. 1951లో సింద్రీ కర్మాగారము పని ప్రారంభించినది. వరికిని చెరకునకును పనికివచ్చిన బస్తా వెదురునకు మాత్రము ఏల పనికిరాదు? ప్రశ్న సమంజసమే. తోటనుండి తరలిపోవు సారము సామాన్యము కాదు. తమిళనాడులోని కల్లిపట్టిలో 1990 దశకమున ముళ్ళవెదురు తోటను శాస్త్రజ్ఞులు తూచి చూడగా, ఆరవ యేటికి హెక్టారునకు భూమిపైనున్న బరువు 280 టన్నులు దాటినదని తేలినది. అందు నిలువచేరిన పోషకములలో పొటాషుదే అగ్రస్థానము. ఆ బొంగు మిల్లుకు పోయిన యెడల అందలి పొటాషును దానితోనే పోవునుగదా.

అయితే జమ వ్రాసినంత మాత్రమున సొమ్ము ఖజానాకు చేరదు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని కలదు. దానిని వానకాలపు నేలపై ఒక్కసారిగా చల్లినచో కొంత ఆవిరియై గాలిలో కలియును. కొంత నైట్రేటుగా మారి నీటితో పాతాళమునకు దిగిపోవును. ఆ మార్పు జరుగునపుడు నేలలో పులుపు హెచ్చును. తూర్పు కనుమలలోని ఎర్రనేలలు స్వభావముచేతనే అనేకచోట్ల పులుపు నేలలు. అట్టి నేలలో భాస్వరమును వేసిన, అందలి ఇనుము, అల్యూమినియము దానిని పట్టి బంధించును. ఎరువు నేలలో నుండియు మొక్కకు దక్కదు. పులుపునకు సున్నము విరుగుడు. పశువుల ఎరువు, ఆకుకుళ్ళు, చెరువు మట్టి పొటాషును, నత్రజనిని వానకు కొట్టుకొనిపోకుండ పట్టియుంచును. సున్నమును మట్టిని చక్కదిద్దునదిగాను, యూరియాను మొక్కకు ఆహారముగాను వేరు వేరుగా గుర్తింపవలెను. పళ్ళెము చిల్లులు పూడ్చక వడ్డించిన అన్నము ఎవరి కడుపు నింపును?

ఈ సందర్భమున ఒడిశా అనుభవ మొకటి ముచ్చటైనది. మిల్లులో గుజ్జు ఉడికించిన మందును మరల వాడుటకై సున్నముతో శుద్ధి చేయుదురు. అందు సున్నపు మడ్డి మిగులును. ఆ మడ్డిని కాల్చి తిరిగి సున్నముగా చేయవచ్చును గాని, వెదురులోని సిలికా దానిలో చేరి ఆ పనికి ఆటంకము కలిగించును. అందుచేత మడ్డి గుట్టలు గుట్టలుగా మిగులుచుండెను. ఒడిశా వ్యవసాయ శాస్త్రజ్ఞులు దానిని పులుపు నేలలకు సున్నమునకు బదులుగా వేసి, పంటలకు మేలు కలుగునని నిరూపించిరి. వెదురు నేలనుండి తీసికొనిపోయిన సిలికాయే ఈ మడ్డిని నేలకు తిరిగి పంపినదనవచ్చును. అయితే మిల్లునుండి వచ్చిన దేదైనను పరీక్షించిన పిదపనే పొలమున వేయుట క్షేమము.

ఎరువు తక్కువైన నష్టము వలెనే, ఎక్కువైన నష్టమును కలదు. చైనాలోని జెజియాంగ్ రాష్ట్రమున లిన్‌ఆన్ ప్రాంతపు రైతులు కూరకు పనికివచ్చు లేత కొమ్ములకై వెదురు పెంచుదురు. చలికాలముననే కొమ్ము రావలెనని వరి ఊకను దట్టముగా పరచి, రసాయనికపు ఎరువులను మెండుగా వేసిరి. తొలి యేండ్లలో సొమ్ము బాగుగనే వచ్చినది. తరువాత నేల పులిసినది, మిగిలిన భాస్వరము, నత్రజని కాలువల పాలై నీటిని చెరచినవి, తోటలు క్షీణించినవి. ఊక చెడ్డది కాదు, ఎరువు చెడ్డది కాదు. మితము తప్పుట చెడ్డది. మన పల్లెలలో ఆకును ఏరి పొయ్యిలో పెట్టువారు ఒక అంచున నిలిచిన, వారు రెండవ అంచున నిలిచిరి.

పాత మిల్లులలో కొన్ని వెదురును విడిచి సుబాబులు, నీలగిరి, సరుగుడు కర్రల వైపు మళ్ళినవి. వెదురు కథ మాత్రము ముగియలేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిల్లర అటవీ ఫలసాయముగా పేర్కొన్నది. దానిని అనుసరించి 2011లో గడ్చిరోలి జిల్లాయందలి మేంఢా లేఖా గ్రామమునకు తన వెదురును తానే అమ్ముకొను అధికారము చేతికి వచ్చినది. అడవి వెలుపల పెంచు వెదురు చట్టమునకు చెట్టు కాదని 2017లో సవరణ జరిగినది. కావున నేడు ఒక సామాన్య రైతు తన మెట్టచేలో 5 మీటర్ల ఎడముతో హెక్టారునకు 400 పొదలు పెట్టి, తన ఇష్టానుసారము కోసి అమ్ముకొనవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చినచోట లెక్కయు రావలెను. రాలిన ఆకును పొదకే విడువుడు. మట్టి పరీక్ష చేయించి, పులుపున్నచో సున్నము వేయుడు. పశువుల ఎరువుతో కూర్చి, రసాయనికమును రెండు మూడు దఫాలుగా, వానతోపాటు ఇండు. పండిన బొంగునే కోయుడు. ఇందు కొత్తదనము లేదు. అడవి తానుగా చేయుచుండిన దానిని మనము తెలిసి చేయుటయే. మేదరి బుట్టయైనను, బడిపిల్లవాని పుస్తకమైనను ఆ నేల ఇచ్చిన అప్పే. ఆ అప్పు తీర్చకయే మన తరము పుస్తకము మూసినచో, వెనుకటి నిలువను మోయవలసినవారు మన బిడ్డలే యగుదురు.