కాంతి క్రియాశీల సూక్ష్మజీవ నాశక చికిత్స

కాంతి క్రియాశీల సూక్ష్మజీవ నాశక చికిత్స అనగా రంగు పదార్థం, కాంతి, ప్రాణవాయువు అనే మూడింటి కలయికతో వ్యాధికారక బాక్టీరియాను చంపే పద్ధతి. వైద్యులు దీనిని యాంటీమైక్రోబియల్ ఫోటోడైనమిక్ థెరపీ అంటారు. ఇందులో వాడే రంగు పదార్థం పేరు ఫోటోసెన్సిటైజర్. యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్నందున ఈ పాత పద్ధతి మళ్ళీ పరిశోధకుల దృష్టిని ఆకర్షించింది.

చరిత్ర

మ్యూనిక్ నగరంలో హెర్మన్ ఫాన్ టాపైనర్ వద్ద వైద్య విద్యార్థిగా ఉన్న ఆస్కార్ రాబ్, అక్రిడిన్ అనే రంగు కలిపిన నీటిలో పారమీసియం జీవులు వెలుతురు తగిలితే త్వరగా చనిపోతున్నాయని గమనించి 1900లో ప్రకటించాడు. తరువాత టాపైనర్, అతని సహచరులు ఈ చర్యకు ప్రాణవాయువు కూడా అవసరమని గుర్తించి, దీనికి ఫోటోడైనమిక్ అనే పేరు పెట్టారు. రంగు కలపకుండానే చర్మక్షయకు కాంతితో చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది.

1940లలో యాంటీబయాటిక్స్ రావటంతో ఈ పద్ధతి మరుగున పడింది. తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ ఆ మందులలో ఒకటి.

పనిచేసే విధానం

రంగు అణువు తనకు తగిన కాంతిని గ్రహించి ఉత్తేజితమవుతుంది. ఆ శక్తిని పక్కనున్న ప్రాణవాయువుకు అందించగా, తీవ్ర చర్యాశీలత గల సింగ్లెట్ ఆక్సిజన్ ఏర్పడుతుంది. నీటిలో దీని ఆయుర్దాయం కొన్ని మైక్రోసెకన్లు మాత్రమే. కనుక ఇది పుట్టినచోటనే బాక్టీరియా పొరలను, మాంసకృత్తులను, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఒకేసారి అనేక భాగాలు దెబ్బతినటం వలన బాక్టీరియా దీనికి నిరోధకత పెంచుకోవటం కష్టం. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాకు అదనంగా బయటి పొర ఉన్నందున అవి అంత సులభంగా చావవు. వాటిపై ధనావేశం గల రంగులు మెరుగుగా పనిచేస్తాయి.

ఉపయోగాలు

మిథిలీన్ బ్లూ, టొలుయిడిన్ బ్లూ రంగులను ఎర్రని కాంతితో కలిపి చిగుళ్ళ వ్యాధులలో సాధారణ చికిత్సకు తోడుగా వాడుతున్నారు. కెనడాలోని వాంకూవర్‌లో శస్త్రచికిత్సకు ముందు రోగుల ముక్కులోని బాక్టీరియాను తగ్గించటానికి మిథిలీన్ బ్లూను ఇలాగే ఉపయోగించారు.

పరిమితులు

కాంతి శరీరంలో లోతుగా చొరబడదు. అందువలన రక్తంలో వ్యాపించిన వ్యాధికి, క్షయ వంటి లోపలి వ్యాధులకు ఇది యాంటీబయాటిక్స్‌కు బదులు కాజాలదు.

పసుపులోని కర్క్యుమిన్ నీలి కాంతిని గ్రహించే ఫోటోసెన్సిటైజర్. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట ఏజెన్సీలో పసుపు పండిస్తారు. అయితే గాయానికి పసుపు అద్ది ఎండలో కూర్చోవటం ఈ చికిత్స కాదు. కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు. చికిత్సకు శుద్ధి చేసిన పదార్థం, కొలిచిన మోతాదు, తగిన కాంతి కావాలి.

శ్రీకాకుళం, విజయనగరం వంటి వ్యవసాయ ప్రాంతాలలో వరి ఆకు, గడ్డి తగిలి కంటి నల్లగుడ్డుపై పుండు పడే ప్రమాదం ఉంది. ఇట్టి పుండ్లపైనా కాంతి చికిత్సను పరీక్షించారు. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో శిలీంధ్రాల వలన ఏర్పడిన పుండ్లకు మందులతోపాటు రైబోఫ్లావిన్, అతినీలలోహిత కాంతిని వాడి చూడగా అదనపు ప్రయోజనం కనబడలేదని 2020లో ప్రకటించారు. కనుక కంటికి దెబ్బ తగిలినపుడు సొంత వైద్యం చేయక, ఆలస్యం లేకుండా కంటి వైద్యుని చూడటమే చూపును కాపాడే మార్గం.