బొగ్గు సీమలో బడి బువ్వ

1920 సెప్టెంబర్ 16న మద్రాసు నగరపాలక సంస్థ ఒక తీర్మానం చేసింది. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని, ఒక్కొక్కరికి రోజుకు అణా మించి ఖర్చు కాకూడదని అందులో రాసుకున్నారు. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు తెలుగు దేవాంగుల ఇంట పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి. మూడు నెలలు తిరిగేసరికి, డిసెంబర్ 23న, ఇటు నిజాం ఏలుబడిలో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు నమోదైంది. ఒకే ఏడాది మొదలైన ఈ రెండు కథలూ గోదావరిఖని, రామగుండం సర్కారు బడుల్లో కలుసుకోవడానికి ఎనభై ఏళ్లు దాటింది. కలిసిన తర్వాత కూడా ఒక లెక్క తేలకుండా మిగిలిపోయింది. బొగ్గు కోసం చేలు ఇచ్చిన ఊళ్ల పిల్లల కంచంలోకి ఆ చుట్టుపక్కల పండిన పంట ఎంత వస్తోంది?

బాయిలు వచ్చాయి, చేలు తరిగాయి

1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలను గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఇల్లెందు తర్వాత బెల్లంపల్లి, కొత్తగూడెం. 1960లలో గనులు రామగుండం పక్కన గోదావరి ఒడ్డుకు చేరాయి. ఊరికి గోదావరిఖని అన్న పేరే స్థిరపడిపోయింది. గని నంబర్లే కాలనీల పేర్లయ్యాయి. ఎనిమిదో నంబర్ ఇంక్లైన్ దగ్గరి కాలనీ జనం నోట యైటింక్లయిన్ కాలనీ అయింది.

అంతకుముందు ఈ మెట్ట నేలల్లో జొన్నలు, మక్కలు, పెసర్లు, కందులు పండేవి. పొద్దున అంబలి, మధ్యాహ్నం గట్క, దానితో పాటు పుంటికూర. పెరట్లో ఆనిగెపు తీగ, పందిరి మీద బీరకాయ. బాయి (గని) పనికి వచ్చిన కుటుంబాలకు నెల జీతం దొరికింది కానీ పెరడు దొరకలేదు. భూగర్భ గనుల పక్కన ఓపెన్‌కాస్టులు వచ్చాక సాగుభూములే పోయాయి. మేడిపల్లి, లద్నాపూర్ లాంటి పేర్లు ఈ ప్రాంతంలో ఇప్పుడు ఊళ్లతో పాటు ఓపెన్‌కాస్టులను కూడా గుర్తుకు తెస్తాయి. అంగడికి కూరగాయలు తెచ్చి అమ్మిన రైతు అదే అంగడిలో కొనుక్కునే మనిషయ్యాడు.

ఇప్పటి పెద్దపల్లి జిల్లాలోనే, గనులకు కాస్త దూరంగా, ఇంకో మార్పు వచ్చింది. 1963 జులై 26న పోచంపాడులో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ మీదుగా, డి-83 ఉపకాలువ గుండా పెద్దపల్లి, మంథని వైపు పారాయి. జొన్న చేలు వరి మళ్లయ్యాయి. సుల్తానాబాద్ రైస్ మిల్లులకు పేరొచ్చింది. నేడు పెద్దపల్లి జిల్లా అంటే ప్రధానంగా వరి, పత్తి. అన్నానికి కొదవ లేదు. అన్నంలోకి కావలసిన కూర, పప్పు మాత్రం వెనకబడ్డాయి.

వండిన అన్నం హక్కయింది

1952 గనుల చట్టం 250 మందికి మించి పనిచేసే గనుల్లో క్యాంటీన్ పెట్టించే నిబంధనలకు వీలు కల్పించింది. పనిచేసే మనిషి తిండి గని యజమాని బాధ్యత అని దేశం అప్పుడే ఒప్పుకుంది. ఆ మనిషి ఊళ్లోని సర్కారు బడి పిల్లలు అంతకు సమానమైన మాట వినడానికి మరో యాభై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలైనా, మన దగ్గర పిల్లల చేతికి అందింది హాజరును బట్టి నెలకు మూడు కిలోల బియ్యం. సంచిలో ఇంటికి వెళ్లిన ఆ బియ్యం ఇంటిల్లిపాదికీ సరిపోవాలి.

2001లో పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబర్ 28న కోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రతి సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక బడిలో, ఏడాదికి కనీసం 200 రోజులు, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండేలా వండిన భోజనమే పెట్టాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి 2న పొయ్యిలు వెలిగాయి. వంట బాధ్యత డ్వాక్రా మహిళల చేతికి వచ్చింది. వంటమనుషుల ఎంపికలో దళిత, గిరిజనులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో కోర్టు మరో ఉత్తర్వు ఇచ్చింది. ఎవరు వండితే ఎవరు తింటారన్న పాత కట్టుబాట్లను బడి వంటశాల నిలదీసింది అప్పుడే.

తెలంగాణ వచ్చాక 2015 జనవరి 1 నుంచి బడులకు, హాస్టళ్లకు సన్న బియ్యం అందుతోంది. ఊళ్లలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాల్లో వడ్లు కొంటారు, మిల్లుల్లో ఆడిస్తారు, పౌరసరఫరాల శాఖ బడులకు పంపుతుంది. అంటే స్థానిక పంట బడికి చేరే దారి మనకు కొత్త కాదు. ధాన్యం విషయంలో ఆ దారి వేసుకున్నాం, బాగానే నడుస్తోంది.

కూర మాటేమిటి?

చిక్కంతా కూర దగ్గరే. కేంద్ర నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. 2025 మే 1 నుంచి అమలైన రేటు ప్రకారం పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు అన్నిటికీ కలిపి ఒక్కొక్కరికి 6 రూపాయల 78 పైసలు. బియ్యం గోదాము నుంచి వస్తుంది. మిగతావన్నీ వంట ఏజెన్సీ మహిళలు తామే కొనాలి. బిల్లు ఆలస్యమైతే కిరాణాకొట్టులో ఖాతా పెరుగుతుంది. అప్పు పెట్టి కొనే మనిషికి ఏది తాజా, ఏది ఎవరి చేలోది అని ఏరుకునే స్వేచ్ఛ ఉండదు. అప్పిచ్చిన కొట్టు ఏది ఇస్తే అదే పప్పుచారు.

వంద మంది చదివే బడిని తీసుకుందాం. రోజుకు 5 కిలోల కూరగాయలు, 2 కిలోల పప్పు కావాలి. 220 పని దినాలకు 11 క్వింటాళ్ల కూరగాయలు. ఒక చిన్న రైతుకు, ఒక మహిళా సంఘానికి ఇది ఏడాది పొడవునా ఖాయమైన గిరాకీ. మండలంలోని బడులన్నీ కలిస్తే టమాట, బెండ, పాలకూర, మునగాకు వేసేవాళ్లకు ధర పడిపోతుందన్న భయం చాలావరకు తగ్గుతుంది. వరి, పత్తి వదిలి మరో పంట వేయమని రైతుకు చెప్పే ముందు, కొనేవాళ్లను చూపించాలి. బడికి మించి నమ్మకమైన కొనుగోలుదారు ఊళ్లో ఇంకెవరున్నారు?

బ్రెజిల్ ఈ పనిని చట్టం చేసి చూపించింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంటే కొనాలని 2009లో శాసనం తెచ్చింది. అంత దూరం వెళ్లక్కర్లేదు. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడేనికి దగ్గర్లోని భద్రాచలంలో, అలాగే ఉట్నూరు, ఏటూరునాగారంలో గిరి పోషణ కార్యక్రమం నడిచింది. ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తయారీ నేర్పితే, గిరిజన మహిళలు తామే నడిపే యూనిట్లలో జొన్నలు, పప్పులతో పోషకాహారం చేసి పిల్లలకు అందించారు. కేంద్రం కూడా 2019 అక్టోబర్‌లో బడి పెరటి తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2021లో పథకం పేరు పీఎం పోషణ్‌గా మారినప్పుడు స్థానికంగా పండే సంప్రదాయ ఆహారాన్ని వాడాలని, రైతు ఉత్పత్తిదారుల సంఘాలను, మహిళా సంఘాలను కలుపుకోవాలని చెప్పింది. మాట కాగితం మీద ఉంది. దానికి కావలసిన డబ్బు, ఒప్పందం ఊరి స్థాయిలో లేవు.

డబ్బు ఎక్కడిదంటే

బొగ్గు సీమకు ఈ ప్రశ్నకు సొంత జవాబు ఉంది. 2015లో గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టానికి చేసిన సవరణతో ప్రతి మైనింగ్ జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఏర్పడింది. పాత లీజులున్న గనులు రాయల్టీపై 30 శాతం అదనంగా దానికి కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల విద్య, ఆరోగ్యం, మహిళా శిశు సంక్షేమం ఆ నిధికి ప్రాధాన్య రంగాలు. బడి కూర ఈ మూడింటిలోకీ వస్తుంది.

కాబట్టి చేయాల్సింది ఎవరూ ఎరగనిదేమీ కాదు. నిర్వాసిత ఊళ్ల మహిళా సంఘాలతో ఏడాది ఒప్పందాలు చేసుకోవాలి, విత్తనానికీ నీటికీ ఖనిజ నిధి నుంచి సాయం ఇవ్వాలి, వంట ఏజెన్సీలకు నెల మొదట్లోనే కొంత సొమ్ము ముందుగా చేర్చాలి. కొన్న కూరకు రైతుకు వారంలోపు డబ్బు అందాలి. గట్క, జొన్నరొట్టె వారానికి ఒక్కసారైనా కంచంలోకి రావాలి. దేశానికి కరెంటు ఇచ్చే నేల ఇది. దాని పిల్లలు ఆ నేల పంటే తినేలా చూడటం దయాధర్మం కింద లెక్కకు రాదు, ఈ సీమకు రావాల్సిన బాకీ. వడ్ల కోసం కొనుగోలు కేంద్రాలు పెట్టగలిగిన ప్రభుత్వానికి బెండకాయల కోసం అదే పని చేయడం చేతకానిది కాదు.