ఒక గొంతు, నాలుగు అచ్చులు: బెస్సీ స్మిత్ రికార్డులు చెప్పే చరిత్ర

రాజుల చరిత్ర రాయాలంటే శాసనాలున్నాయి. జమీందార్ల చరిత్రకి దస్తావేజులున్నాయి. పొట్ట చేతబట్టుకొని ఊరూరా తిరిగి పాడిన మనిషి చరిత్ర ఎక్కడ వెతకాలి? అలాంటి వాళ్ళకి డైరీలుండవు. వాళ్ళ ఉత్తరాలు ఏ గ్రంథాలయమూ దాచిపెట్టదు. మిగిలేది పాట. గ్రామఫోను వచ్చాక ఆ పాట కూడా పాడినవాళ్ళ ఇంట్లో ఉండదు, కంపెనీ గోదాములో ఉంటుంది. కంపెనీ దాన్ని కొన్నేళ్ళకోసారి కొత్త అట్టలో పెట్టి మళ్ళీ అమ్ముకుంటుంది.

ఒకే పాటకి వచ్చిన అచ్చులన్నీ సేకరించి, పక్కపక్కన పెట్టి వినేవాళ్ళని చూస్తే డబ్బున్నోళ్ళ పిచ్చి అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ ఆ పని చరిత్రకారుల పని కూడా. ముఖ్యంగా మనలాంటి వాళ్ళు నేర్చుకోవాల్సిన పని. అందుకు ఉదాహరణగా నల్లజాతి గాయని బెస్సీ స్మిత్ రికార్డుల్ని తీసుకుంటున్నాం. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. 1972లో బొంబాయి దళిత యువకులు బ్లాక్ పాంథర్ల పేరు తమ సంఘానికి పెట్టుకున్నారు. ఆ పోరాటాల గురించి మనం ఎంతో కొంత చదువుకున్నాం. ఆ పోరాటాలకి ముందు తరం ఏం పాడుకుందో, ఆ పాట ఎవరి చేతుల్లో పడిందో చదువుకున్నది తక్కువ.

వేరే అంకెల వరస

బెస్సీ 1890లలో టెన్నెసీ రాష్ట్రం చటనూగాలో పుట్టింది. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. అన్నతో కలిసి వీధుల్లో పాడి చిల్లర ఏరుకుంది. 1912లో ఒక ప్రదర్శన బృందంలో చేరింది. అప్పటికే పేరున్న బ్లూస్ గాయని మా రెయినీ ఆ బృందంలో ఉంది.

1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడయ్యాక కంపెనీలకి తెలివొచ్చింది. నల్లవాళ్ళు కూడా రికార్డులు కొంటారు! అప్పటినుంచి వాళ్ళ కోసం ‘రేస్ రికార్డ్స్’ పేరుతో విడి జాబితాలు మొదలైనయ్. కొలంబియా కంపెనీ నల్లవాళ్ళ రికార్డులకి 14000-డి అని వేరే అంకెల వరస పెట్టింది. ప్రకటనలు ‘చికాగో డిఫెండర్’ లాంటి నల్లజాతి పత్రికల్లో వేసేవాళ్ళు. ఊళ్ళో వేరే బావి ఉన్నట్టే క్యాటలాగులోనూ వేరే వరస. నీళ్ళు అమ్ముకునేది మాత్రం ఒకరే.

1923 ఫిబ్రవరి 16న బెస్సీ ‘డౌన్ హార్టెడ్ బ్లూస్’ పాడింది. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అక్కడినుంచి 1933 దాకా 160 పాటలు రికార్డయ్యాయి. కంపెనీతో తొలి ఒప్పందంలో ఆమెకి పనికొచ్చిన పాట ఒక్కింటికి 125 డాలర్లు. అమ్మకం మీద వాటా లేదు. అంటే కూలి ఇచ్చారు, పంటలో పాలివ్వలేదు.

ఈ మొదటి అచ్చుని, అంటే 78 రికార్డుని, చేతిలోకి తీసుకుంటే ఏం కనపడుతుంది? కంపెనీ పేరు, పాట పేరు, ఆమె పేరు, వరస అంకె. తేదీ ఉండదు. లేబుల్ చుట్టూ ఖాళీ చోట చెక్కిన చిన్న అంకెలు మాత్రం ఉంటాయి. వాటిని కంపెనీ పద్దు పుస్తకంతో సరిచూస్తే ఏ రోజు పాడిందో తెలుస్తుంది. సేకర్తలు ఓపిగ్గా చేసిన పని ఇదే.

ఆ తేదీ ఎందుకంటారా? ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ వరద పాట. ఇళ్ళు మునిగి, పడవ కోసం ఎదురుచూసే మనుషుల పాట. 1927 మిసిసిపీ మహా వరద మీద పాడిందని చాలామంది రాశారు. రికార్డు తేదీ చూస్తే 1927 ఫిబ్రవరి 17. మిసిసిపీ కట్టలు పెద్దఎత్తున తెగింది ఏప్రిల్‌లో. అంటే పాటే ముందొచ్చింది! 1926 క్రిస్మస్ నాటి నాష్‌విల్ వరదే దాని వెనక ఉందని డేవిడ్ ఎవాన్స్ అనే పరిశోధకుడు ఆ తర్వాత చూపాడు. పత్రికలకి పెద్ద వార్త అయ్యేదాకా పల్లపు ఇళ్ళు మునగడం చరిత్రలోకి రాదు. ఆమె పాటలోకి మాత్రం వచ్చింది. ఒక చిన్న అంకె చూపించిన సంగతి ఇది.

మగవాళ్ళ పేర్ల మీద ఆమె కథ

రెండో అచ్చు 1951 నాటి నాలుగు ఎల్‌పీలు, ‘ది బెస్సీ స్మిత్ స్టోరీ’. అప్పటికి బెస్సీ చనిపోయి పద్నాలుగేళ్ళు. ఈ ‘కథ’ని ఎట్లా విభజించారో చూడండి. మొదటి భాగం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో. మూడోది జో స్మిత్, ఫ్లెచర్ హెండర్సన్ బృందంతో. నాలుగోది జేమ్స్ పి. జాన్సన్, చార్లీ గ్రీన్‌లతో. నాలుగు భాగాల్లో మూడింటికి గుర్తు పక్కన వాయించిన మగవాళ్ళ పేర్లే. వాళ్ళు గొప్ప వాద్యకారులే, నల్లజాతివాళ్ళే. వాళ్ళని తక్కువ చెయ్యడం ఇక్కడ ఉద్దేశం కాదు. కానీ జాజ్ అభిమానులకి అమ్మడానికి ఆమె గొంతు ఒక దారి అయింది. పాటలు కాలక్రమంలో లేవు కాబట్టి పదేళ్ళలో ఆ గొంతు ఎట్లా మారిందో వినేవాడికి అందదు.

మూడో అచ్చు 1970 నుంచి 1972 దాకా వచ్చిన అయిదు జంట ఎల్‌పీలు. ఆమె రికార్డులన్నీ మొదటిసారి ఒకచోటికి వచ్చాయి. ఇందులో కూడా వరస చిత్రమే. మొదటి జంటలో ఒక ఎల్‌పీ మీద తొలి పాటలు, రెండోదాని మీద చివరి పాటలు. అక్కణ్ణుంచి రెండు కొసలూ మధ్యకి నడుస్తాయి. కొనేవాడికి ప్రతి జంటలోనూ పాత ధ్వని, కొత్త ధ్వని రెండూ దొరకాలనే వ్యాపార లెక్క ఇందులో కనపడుతుంది.

నాలుగో అచ్చు 1991 నుంచి 1996 దాకా వచ్చిన సీడీలు. ఇప్పటికిగాని పాటలు పాడిన వరసలో రాలేదు. చివరి భాగంలో బెస్సీ మేనకోడలు వరసయ్యే రూబీ స్మిత్ మాటలు కూడా చేర్చారు. ఆమె బెస్సీతో కలిసి ఊళ్ళు తిరిగిన మనిషి. పాడినామె బతుకుని దగ్గరుండి చూసిన ఆడమనిషి సాక్ష్యం అట్ట మీది వ్యాసంగా కాక, సొంత గొంతుతో అచ్చులోకి రావడానికి ఇంత కాలం పట్టింది.

ఏ ప్రతిని నమ్మాలి?

ధ్వని సంగతి కూడా చూడాలి. 1925 మే దాకా ఆమె పాడింది రేకు బూరలోకి. ఆ తర్వాతే మైకు వచ్చింది. బూరలో పాడినప్పటి గొంతు సన్నగా వినపడితే అది ఆమె లోపం కాదు. తర్వాత వేగం. కొలంబియా అప్పట్లో నిమిషానికి 80 చుట్లు తిప్పమని లేబుల్ మీద వేసేది. అదే రికార్డుని 78 చుట్ల మీద తిప్పి ఎల్‌పీకి ఎక్కిస్తే మూడు నిమిషాల పాట నాలుగైదు సెకన్లు సాగుతుంది, శ్రుతి దిగుతుంది. గొంతు బరువెక్కుతుంది. ‘ఆమె గొంతులో అంతులేని దుఃఖం’ అని విమర్శకుడు రాస్తాడు. ఆ దుఃఖంలో కొంత యంత్రానిది కావచ్చు!

ఇక గీతల చప్పుడు. దాన్ని మరీ గట్టిగా వడకడితే చప్పుడుతోబాటు స, శ, త లాంటి హల్లుల అంచులు పోతాయి. ఊపిరి పోతుంది. అప్పుడు మాట అర్థం కాదు. నల్లవాళ్ళ పలుకుబడి తెలియని వాడికి అసలే అర్థం కాదు. ఏంజెలా డేవిస్ 1998లో మా రెయినీ, బెస్సీల పాటలన్నీ విని మాటలు రాసి అచ్చువేసింది. బ్లూస్ అంటే మగాడు, మందు అని కొట్టిపారేసినవాళ్ళకి, ఆ పాటల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు, జైలు, అద్దె కట్టలేని ఇల్లు ఉన్నాయని చూపించింది. 1928 నాటి ‘పూర్ మ్యాన్స్ బ్లూస్’ డబ్బున్నోణ్ణి ముఖాముఖి నిలదీసి, యుద్ధం చేసిపెట్టిన బీదవాణ్ణి గుర్తుచేస్తుంది. మాట సరిగా వినపడని ప్రతిలో ఈ రాజకీయం ఎట్లా తెలుస్తుంది? కాబట్టి ఏ ప్రతి విన్నాం అనే ప్రశ్న ఏ పుస్తకం చదివాం అనే ప్రశ్న లాంటిదే.

సమాధి రాయి, కోర్టు తీర్పు

1937 సెప్టెంబర్ 26న మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్‌లో కారు ప్రమాదంలో గాయపడి బెస్సీ చనిపోయింది. తెల్లవాళ్ళ ఆసుపత్రి చేర్చుకోనందుకే చనిపోయిందని ఆ ఏడాదే ఒక వ్యాసం వచ్చింది. రాసిన జాన్ హామండ్ ఆమె చివరి పాటల్ని 1933లో రికార్డు చేయించినవాడు. 1970 ఎల్‌పీల వెనక ఉన్నవాడూ అతనే. అదే ఎల్‌పీల మీద అతనితో పనిచేసిన క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1972లో ఆమె జీవితచరిత్ర రాస్తూ, ప్రమాదస్థలంలో వైద్యం చేసిన డాక్టరుతో మాట్లాడి, ఆ కథ నిజం కాదని తేల్చాడు. ఆమెని నేరుగా నల్లవాళ్ళ ఆసుపత్రికే తీసుకెళ్ళారు.

కథ అబద్ధమైతే వివక్ష అబద్ధమా? కాదు. తెల్లవాళ్ళ ఆసుపత్రి తలుపు కొట్టాలనే ఆలోచనే ఎవరికీ రానంతగా ఊరు రెండుగా చీలి ఉంది. రెండు గ్లాసుల పద్ధతి ఉన్న హోటల్లో ఎవరూ ఎవర్నీ రోజూ గెంటెయ్యనక్కర్లేదు. ఎవరి గ్లాసు ఎవరిదో అందరికీ తెలుసు. మనకి కావాల్సింది ఒక దుర్మార్గపు డాక్టరు కథ కాదు, ఆ ఏర్పాటు చరిత్ర.

ఆమె సమాధికి 1970 దాకా రాయి లేదు. 1951లో నాలుగు ఎల్‌పీలు అమ్ముడయ్యాక కూడా లేదు. చివరికి గాయని జానిస్ జాప్లిన్, వానిటా గ్రీన్ అనే నల్లజాతి మహిళ డబ్బిచ్చి పెట్టించారు. ఆమె పెంపుడు కొడుకు కంపెనీ మీద దావా వేస్తే, కాలదోషం పట్టిందని 1979లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు కొట్టేసింది. హక్కుకి కాలదోషం పట్టింది గాని అమ్మకానికి పట్టలేదు. అమెరికా చట్టం ప్రకారం 1923 నాటి రికార్డులు 2024 జనవరి 1 నుంచి అందరి సొత్తయ్యాయి. ఇప్పుడు ఎవరైనా వేసుకోవచ్చు. ఆమె వాళ్ళకి మాత్రం రావాల్సింది రాకుండానే నూరేళ్ళు గడిచాయి.

మన క్యాసెట్ల సంగతి

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మన పాటలు క్యాసెట్లకెక్కి ఊరూరా తిరిగాయి. ఒక క్యాసెట్ నుంచి ఇంకో క్యాసెట్, దాన్నుంచి మరోటి. ఇప్పుడా టేపులు అటకల మీద బూజు పడుతున్నాయి. కొన్ని పాటలు కొత్త వాయిద్యాలతో, కొత్త గొంతులతో మళ్ళీ వచ్చాయి. వినేవాళ్ళకి ఇవే అసలువి అనిపిస్తాయి.

అందుకని చెయ్యాల్సిన పని చిన్నదే. దొరికిన ప్రతి క్యాసెట్‌కి ఒక కాగితం రాసిపెట్టాలి. ఏ ఏడాది, ఎవరు కట్టారు, ఎవరు పాడారు, కోరస్‌లో ఎవరున్నారు, డప్పు ఎవరిది, డబ్బు ఎవరు పెట్టారు, ఎవరికి ముట్టింది, ఈ ప్రతి ఎవరింట్లో దొరికింది. అట్ట పారెయ్యకూడదు. ఒకే పాట రెండు తీర్లుగా దొరికితే ‘ఇది బాగుంది’ అని రెండోది చెరిపెయ్యకూడదు. ఏ చరణం ఎప్పుడు జారిపోయిందో, ఏ ఊరి పేరు ఎందుకు మారిందో ఆ రెంటి మధ్యే తెలుస్తుంది.

కోరస్ పాడిన అక్కలు, డప్పు కొట్టిన అన్నలు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. బెస్సీ పద్దు పుస్తకం కంపెనీ రాసుకుంది, దాని అవసరం కోసం. మన పద్దు మనమే రాసుకోవాలి, వాళ్ళు బతికుండగానే, వాళ్ళని అడిగి.